ఒక్క ఊపిరితో మునిగేవారికి కెమెరా: డబ్బు ఎక్కడ పెట్టాలి?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయాన్ని అడిగాయి. సిలిండర్ లేకుండా, ఊపిరి బిగబట్టి సముద్రంలోకి దిగే ఫ్రీడైవింగ్ నేర్చుకున్నవారు అక్కడ చూసినదాన్ని ఫోటో తీయడానికి ఎంత ఖర్చవుతుందో, ఏది కొనాలో తెలుసుకోవాలనుకుంటున్నారు. నీటి అడుగు కెమెరాల గురించి దొరికే సలహాల్లో ఎక్కువ భాగం సిలిండర్‌తో దిగే స్కూబా డైవర్లను దృష్టిలో పెట్టుకుని చెప్పినవి. వాటిని యథాతథంగా పాటిస్తే ఫ్రీడైవర్లకు డబ్బు వృథా అవుతుంది, కొన్నిసార్లు ప్రాణానికీ ముప్పు వస్తుంది. అందువల్ల ఈసారి శీర్షిక మొత్తాన్ని ఈ ఒక్క అంశానికే కేటాయిస్తున్నాను. ధరలు తరచూ మారతాయి కనుక, ఇక్కడ ఇచ్చిన అంకెలను ఏ వస్తువు ఏ స్థాయి ధరలో ఉంటుందో తెలుసుకోవడానికి మాత్రమే వాడుకోండి.

ప్రశ్న: ఫ్రీడైవింగ్ మొదటి స్థాయి కోర్సు పూర్తిచేశాను. పన్నెండు, పదమూడు మీటర్ల వరకు ఇబ్బంది లేకుండా వెళ్లి రాగలను. ఎక్కువగా రుషికొండ పరిసరాల్లోనే సాధన చేస్తాను, వీలైతే ఏడాదికొకసారి అండమాన్ వెళ్లాలని ఉంది. 60 వేల రూపాయలకు మించి పెట్టలేను. యాక్షన్ కెమెరా కొనాలా, నీటిలో పనిచేసే కాంపాక్ట్ కెమెరా కొనాలా?
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ధర సంగతి చూసే ముందు మీరు వెళ్లే లోతు సంగతి చూద్దాం. సముద్రంలో ప్రతి పది మీటర్లకు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది కాబట్టి, పది మీటర్ల దగ్గర కెమెరా మీద పడే పీడనం ఒడ్డున ఉన్నదానికి రెట్టింపు అవుతుంది. గోప్రో హీరో 5 నుంచి హీరో 13 వరకు వచ్చిన ప్రధాన కెమెరాలు హౌసింగ్ అనే నీరు చొరని పెట్టెలో పెట్టకుండా, విడిగా పది మీటర్ల వరకే నీటిని ఆపుతాయని తయారీదారులే చెబుతారు. మీరు పదమూడు మీటర్లకు వెళతారు కనుక ఆ కెమెరాను విడిగా తీసుకెళ్లకూడదు. 60 మీటర్ల వరకు పనికివచ్చే ప్లాస్టిక్ హౌసింగ్ అమెరికాలో 50 డాలర్ల ధరలో ఉంటుంది. కెమెరాతో పాటే దానినీ కొనాలి. డీజేఐ ఆస్మో యాక్షన్ 5 ప్రో విడిగానే 20 మీటర్ల వరకు తట్టుకుంటుంది. ఓఎం సిస్టమ్ టీజీ-7 కాంపాక్ట్ కెమెరాకు 15 మీటర్ల హద్దు ఉంది, దాని హౌసింగ్ వేస్తే 45 మీటర్ల వరకు పనికివస్తుంది. అయితే టీజీ-7 ఒక్కదాని ధరే 2023లో విడుదలైనప్పుడు 550 డాలర్లు. హౌసింగ్‌కు మరో 300 డాలర్ల దాకా పడుతుంది. మన దేశానికి తెప్పించుకునేసరికి అది మీ 60 వేలను దాటిపోతుంది.

మీ విషయంలో నేను యాక్షన్ కెమెరా వైపే మొగ్గుతాను. దానికి ధర కన్నా పెద్ద కారణం ఉంది. కిందికి దిగేటప్పుడు చెవులు సర్దుకోవడానికి ఒక చెయ్యి ఎప్పుడూ ముక్కు మీదే ఉండాలి. మిగిలిన ఒక్క చేత్తో పట్టుకుని, అదే చేత్తో నొక్కగలిగిన కెమెరానే ఫ్రీడైవర్‌కు నిజంగా ఉపయోగపడుతుంది. యాక్షన్ కెమెరాను ఒడ్డునే ఆన్ చేసి, వీడియో తీస్తూ దిగి, పైకి వచ్చాక అందులోంచి మంచి దృశ్యాన్ని ఫోటోగా తీసుకోవచ్చు. 5.3కే వీడియోలో ఒక్కో ఫ్రేము 15 మెగాపిక్సెళ్లకు పైగా ఉంటుంది కనుక, పత్రికలో అర పేజీ ముద్రణకు అది చాలు.

టీజీ కెమెరాలు లెన్సు ముందు ఒక సెంటీమీటరు దూరంలో ఉన్న చిన్న జీవిని కూడా తీయగలవు. ఆ గుణం స్కూబా డైవర్‌కు ఎంతో విలువైనది. కానీ రాతి మీద పాకే చిన్న జీవి ఎదుట కదలకుండా నిలబడి ఫోకస్ కుదిరే దాకా ఆగే సమయం మీకు ఒక్క ఊపిరిలో ఉండదు.

మిగిలిన డబ్బుతో హౌసింగ్‌కు తగిలించే ఎర్ర ఫిల్టరు, అదనపు బ్యాటరీ, మణికట్టుకు కట్టుకునే తాడు, పొట్టి పిడి కొనుక్కోండి. నీటిపై తేలే పిడి మాత్రం కొనవద్దు. పైన పోగొట్టుకోకుండా కాపాడినా, దిగేటప్పుడు అది చేతిని పైకి లాగుతూనే ఉంటుంది. వర్షాకాలంలో నదుల ఒండ్రు కలిసి మన తీరంలో నీరు మసకబారినప్పుడు ఎంత ఖరీదైన కెమెరా అయినా మసకనే చూపిస్తుంది. అలాంటి నీటిలో ఒక మీటరు లోపు దగ్గరకు వెళ్లగలిగిన వస్తువునే తీయండి.

ప్రశ్న: నా ఫోను నీటిని తట్టుకుంటుందని డబ్బా మీద ఉంది. ఆన్‌లైన్‌లో దొరికే ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఐదారు మీటర్లకు తీసుకెళ్లవచ్చా?
— ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: తీసుకెళ్లవద్దు. ఫోన్ల మీద ఉండే ఐపీ68 గుర్తు మంచినీటిలో, కదలకుండా, నిర్ణీత సమయం పాటు చేసిన పరీక్షకు సంబంధించినది. ఉప్పునీటికి అది వర్తించదు. పైగా నీటిలో టచ్ స్క్రీన్ మీ వేలిని సరిగా గుర్తించదు. రెండు మూడు మీటర్ల కింద సంచి పీడనానికి ఫోనుకు అతుక్కుపోయి మీటలు నొక్కడం కూడా కష్టమవుతుంది. ఫోనునే వాడాలని ఉంటే, సీలైఫ్ స్పోర్ట్‌డైవర్ లాంటి గట్టి హౌసింగ్‌లు 40 మీటర్ల వరకు పనికివస్తాయి. అవి బ్లూటూత్ ద్వారా బయటి మీటలతోనే ఫోనును నడిపిస్తాయి. కానీ వాటి ధర 300 డాలర్ల స్థాయిలో ఉంటుంది కనుక, ఆ డబ్బుకు కొంచెం కలిపి యాక్షన్ కెమెరా కొనడమే మేలు. నీరు చేరితే ఫోనులో ఉన్న మీ బ్యాంకు, మీ ఫోటోలు, మీ పరిచయాలు అన్నీ పోతాయన్నది కూడా లెక్కలో వేసుకోవాలి.

ప్రశ్న: నా దగ్గర సోనీ ఏ6400 ఉంది. దానికి అల్యూమినియం హౌసింగ్ ధర విచారిస్తే కెమెరా కన్నా రెండు మూడు రెట్లు చెప్పారు. అదే కెమెరాకు చైనా ప్లాస్టిక్ హౌసింగ్ పదో వంతుకే వస్తోంది. ఇంత తేడా ఎందుకు? చవకదాన్ని నమ్మవచ్చా? నేను 20 మీటర్లు దాటి వెళ్లను.
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఈ రంగంలో కొత్తగా అడుగుపెట్టిన ప్రతివారినీ కలవరపెట్టే విషయం ఇది. హౌసింగ్ అంటే కొలతలిచ్చి కుట్టించుకున్న చొక్కా లాంటిది; ఏ6400 కోసం చేసినది ఆ కెమెరాకూ, అదే ఆకారంలో ఉన్న ఒకటి రెండు సోదర మోడళ్లకూ తప్ప మరిదేనికీ సరిపోదు. కెమెరా లక్షల సంఖ్యలో తయారైతే, ఒక మోడల్ హౌసింగ్ చాలా తక్కువ సంఖ్యలో తయారవుతుంది. హాంకాంగ్‌కు చెందిన నాటికామ్ లాంటి సంస్థలు అల్యూమినియం దిమ్మెను యంత్రంతో చెక్కి, తుప్పు పట్టకుండా పూత వేసి, కెమెరా మీదున్న ప్రతి మీటకూ బయట నుంచి ఒక లివరు అమరుస్తాయి. పెద్ద సెన్సారు ఉండే ఫుల్ ఫ్రేమ్ కెమెరాలకైతే అలాంటి హౌసింగ్ ధర మూడు వేల డాలర్లను దాటుతుంది. లెన్సు ముందు కిటికీలా ఉండే పోర్టు అందులో కలిసి ఉండదు, దానిని వేరుగా కొనాలి. గోళాకారంలో ఉండే పెద్ద గాజు డోమ్ పోర్టు ఒక్కటే వెయ్యి డాలర్లకు పైగా ఉంటుంది. రేపు మీరు కెమెరా మార్చితే పోర్టులు మిగులుతాయి గానీ, హౌసింగ్ మాత్రం మళ్లీ కొనాలి.

ఆ ధరలో మీరు కొంటున్నది 100 మీటర్ల లోతును తట్టుకునే బలం. మీరు 20 మీటర్లు దాటనంటున్నారు. కాబట్టి మీరు వెళ్లని లోతుకు డబ్బు చెల్లించనక్కరలేదని నా అభిప్రాయం. సీఫ్రాగ్స్ పేరుతో వచ్చే పాలికార్బనేట్ ప్లాస్టిక్ హౌసింగ్‌లలో 40 మీటర్లకూ, 60 మీటర్లకూ పనికివచ్చే రకాలున్నాయి. మీటలు గట్టిగా ఉండటం, అన్ని మీటలూ అందుబాటులో లేకపోవడం వాటి లోపాలు. ఫ్రీడైవర్ నీటి కింద సెట్టింగులు మార్చుతూ కూర్చోడు కనుక ఆ లోపాలు మీకు పెద్దగా అడ్డు రావు. షట్టర్ వేగాన్ని సెకనులో 200వ వంతు దగ్గర పెట్టుకుని, ఐఎస్ఓను (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయిని) ఆటోలో వదిలి, రా ఫైళ్లుగా, అంటే తరువాత రంగులు సరిచేసుకునే వీలున్న ముడి ఫైళ్లుగా తీస్తే చాలు.

అయితే ఒక జాగ్రత్త తప్పనిసరి. కొత్త హౌసింగ్‌ను మొదటిసారి కెమెరా లేకుండా, లోపల పొడి టిష్యూ కాగితం పెట్టి, మీరు వెళ్లే లోతుకు తీసుకెళ్లి రండి. కాగితం ఏ మూల తడిసినా కెమెరాను అందులో పెట్టవద్దు. తరువాత వీలైనంత త్వరగా వాక్యూమ్ పరీక్ష చేసే పరికరం కొనండి. చిన్న పంపుతో లోపలి గాలి కొంత తీసేస్తే, ఎక్కడైనా సన్నని లీకు ఉన్నప్పుడు నీటిలోకి దిగకముందే అది బయటపడుతుంది. ఫ్రీడైవర్లకు ఇది స్కూబా డైవర్ల కన్నా ఎక్కువ అవసరం. ఓ-రింగ్ అనే రబ్బరు వలయం పీడనం పెరిగేకొద్దీ మరింత గట్టిగా బిగుసుకుంటుంది, తక్కువ లోతులో దాని పట్టు వదులుగా ఉంటుంది. స్కూబా డైవర్ ఆ తక్కువ లోతును ఒకసారి దాటి కిందికి వెళ్లిపోతాడు. మీరు ఒక్క పూటలో ఎన్నోసార్లు దిగి ఎక్కుతారు, మధ్యలో అలల మీద తేలుతూ విశ్రాంతి తీసుకుంటారు. అంటే మీ హౌసింగ్ ఎక్కువ సేపు గడిపేది దాని పట్టు తక్కువగా ఉండే చోటే.

ఇక మీరు మిగుల్చుకున్న డబ్బును లెన్సు మీద పెట్టండి. బల్లపరుపు గాజు ఉన్న ఫ్లాట్ పోర్టు వెనక నీటి వక్రీభవనం వల్ల దృశ్యం మూడో వంతు పెద్దదై, వెడల్పు తగ్గి, అంచుల్లో రంగులు చీలిపోతాయి. గోళాకారపు డోమ్ పోర్టు ఆ వెడల్పును తిరిగి ఇస్తుంది. మామూలు వైడ్ లెన్సుకు అంచులు స్పష్టంగా రావాలంటే 20 సెంటీమీటర్ల స్థాయి పెద్ద డోమ్ కావాలి. అంచులను వంచుతూ చాలా వెడల్పుగా చూపే ఫిష్‌ఐ లెన్సు మాత్రం అందులో సగం ఉన్న డోమ్ వెనక కూడా బాగా పనిచేస్తుంది. పెద్ద డోమ్ అంటే చేతి ముందు పెద్ద బుడగను పట్టుకుని ఈదడమే. అది పైకి తేలుతుంది, నీటిని అడ్డుకుంటుంది, ప్రతి తన్నులోనూ మీ ప్రాణవాయువును తింటుంది. చిన్న డోమ్, ఫిష్‌ఐ కలయిక ఖర్చునూ, శ్రమనూ రెండిటినీ తగ్గిస్తుంది. మనిషిని ఫ్రేము మధ్యలో ఉంచితే ఫిష్‌ఐ వంపు కూడా ఇబ్బంది పెట్టదు. డోమ్ అక్రిలిక్‌దైతే గీతలు పడినా పాలిష్ చేసి పోగొట్టవచ్చు, గాజుకు ఆ వీలు లేదు.

ప్రశ్న: మేము పెర్త్‌లో స్థిరపడ్డాం. వచ్చే సీజన్‌లో నింగలూ తీరంలో వేల్ షార్క్ అనే భారీ చేపలను దగ్గరగా చూసి ఫోటోలు తీయాలని నా కోరిక. రంగులు బాగా రావాలంటే రెండు స్ట్రోబ్‌లు (నీటి అడుగున వాడే ఫ్లాష్ దీపాలు), వాటిని హౌసింగ్‌కు తగిలించే చేతులు, క్లాంపులు అవసరమని ఒకరు పెద్ద జాబితా ఇచ్చారు. అది చూసి భయం వేసింది. నిజంగా అంత కావాలా?
— ఒక పాఠకురాలు, పెర్త్, ఆస్ట్రేలియా

జవాబు: ఆ జాబితాను పక్కన పెట్టండి. నింగలూలో వేల్ షార్క్‌ల దగ్గర ఫ్లాష్ వాడటం నిషిద్ధం. చేప శరీరానికి కనీసం మూడు మీటర్లు, తోకకు నాలుగు మీటర్ల దూరం పాటించాలి. ఒకసారి పదిమందికి మించి నీటిలో ఉండకూడదు. నిబంధన లేకపోయినా అక్కడ స్ట్రోబ్ పనిచేయదు. నీరు అన్నిటికంటే ముందు ఎరుపును మింగేస్తుంది. మూడు మీటర్ల దూరంలో ఉన్న చేప మీదికి స్ట్రోబ్ వెలుగు వెళ్లి తిరిగి మీ లెన్సు చేరడానికి ఆరు మీటర్ల నీటిని దాటాలి. ఆ దారిలోనే ఎరుపు చాలావరకు పోతుంది, నీటిలో తేలే నలుసులు మాత్రం మంచు కురిసినట్టు మెరుస్తాయి. మంచి స్ట్రోబ్ ఒక్కొక్కటి 700 అమెరికా డాలర్ల పైమాట. రెండు స్ట్రోబ్‌లు, వాటిని మోసే చేతులు కలిసి హౌసింగ్‌ను ఒక గొడుగంత వెడల్పు చేస్తాయి. ఒక్క ఊపిరితో ఈదేవారికి అది మోయదగిన బరువు కాదు.

బెల్జియంకు చెందిన ఫ్రెడ్ బ్యూల్ సొరచేపలను, తిమింగిలాలను దశాబ్దాలుగా ఫోటో తీస్తున్న ఫ్రీడైవర్. ఆయన సహజమైన వెలుగుతోనే, ఊపిరి బిగబట్టే పనిచేస్తారు. ఫ్రీడైవర్‌కు బుడగల చప్పుడు ఉండదు కనుక పెద్ద జీవులు బెదరవు. మాల్దీవులలోని హనీఫారు బేలో మాంటా రే చేపలను చూడటానికి స్కూబాను అనుమతించరు, స్నార్కెల్ అనే ఊపిరి గొట్టంతో ఈదేవారినే అనుమతిస్తారు. ఇలాంటి చోట్ల తక్కువ సామగ్రి ఉన్నవారికే అవకాశం ఎక్కువ.

మీకు కావలసినది వెడల్పు లెన్సు, మధ్యాహ్నపు సూర్యుడు, మీ వీపు వైపు వెలుగు. నీటి పైభాగపు నాలుగైదు మీటర్లలోనే తీయండి, రా ఫైళ్లు ఉంటే తెలుపు సమతౌల్యాన్ని (వైట్ బ్యాలెన్స్) తరువాత సరిచేసుకోవచ్చు. అక్కడి పడవల మీద సాధారణంగా సంస్థ వారి ఫోటోగ్రాఫర్ ఒకరు ఉంటారు. మొదటి ప్రయాణానికి మీరు యాక్షన్ కెమెరాతో సరిపెట్టుకుని, మంచి చిత్రాల పని ఆ ఫోటోగ్రాఫర్‌కు వదిలేసి, చేపను కళ్లారా చూడండి. మార్చి నుంచి జూలై వరకు ఉండే ఆ కాలంలో నింగలూ తీరపు ఊరైన ఎక్స్‌మౌత్ దాకా వెళ్లిరావడానికి అయ్యే ఖర్చే తక్కువేమీ కాదు.

ప్రశ్న: మా వారు ఏ శిక్షణా లేకుండా వీడియోలు చూసి ఊపిరి బిగబట్టడం నేర్చుకున్నారు. ఇప్పుడు రెండు లక్షలు పెట్టి కెమెరా, హౌసింగ్ కొన్నారు. ఒంటరిగా దిగుతుంటే నేను ఒడ్డున కూర్చుని ఎదురుచూస్తుంటాను. ఖర్చు గురించి కాదు, నా భయం గురించే రాస్తున్నాను.
— ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: మీ భయం సరైనది, అది ఖర్చుకు సంబంధించిన విషయం కూడా. ఫ్రీడైవర్లు స్పృహ తప్పడం ఎక్కువగా పైకి వచ్చే చివరి పది మీటర్లలో, లేదా పైకి వచ్చిన కొన్ని క్షణాలకు జరుగుతుంది. పైకి వచ్చేకొద్దీ పీడనం తగ్గి, ఊపిరితిత్తులలో మిగిలిన ప్రాణవాయువు రక్తంలోకి చేరే శక్తి ఒక్కసారిగా పడిపోతుంది. దిగేముందు వేగంగా, గట్టిగా ఊపిరి పీల్చి వదిలే అలవాటు ఉంటే హెచ్చరికగా వచ్చే ఊపిరి ఆరాటం కూడా ఆలస్యమవుతుంది. చేతిలో కెమెరా ఉన్నప్పుడు మనసు దాని మీద ఉంటుంది, ఇంకొక్క ఫోటో అనే ఆశ పది సెకన్లను మింగేస్తుంది. ఒడ్డున ఉన్న మీరు ఆయన మునగడం చూడగలరు గానీ, కింద ఏమైందో చూడలేరు, సమయానికి చేరలేరు.

ఐడా, ఎస్ఎస్ఐ, పాడి లాంటి డైవింగ్ శిక్షణ సంస్థల మొదటి స్థాయి కోర్సు 20 మీటర్ల లోపు లోతుకే పరిమితమై, రెండు మూడు రోజుల్లో ముగుస్తుంది. రెండు లక్షల కెమెరా కొన్నవారికి దాని రుసుము పెద్ద భారం కాదు. అక్కడ నేర్పే ముఖ్యమైన విషయం, ఒకరు కిందికి వెళితే సమాన సామర్థ్యం ఉన్న మరొకరు పైనుంచి చూస్తూ, పైకి వచ్చేటప్పుడు ఎదురు వెళ్లి, వచ్చాక కనీసం 30 సెకన్లు కనిపెట్టి ఉండాలన్నది. ప్రతి మునకకూ పట్టిన సమయానికి కనీసం రెట్టింపు సమయం పైన విశ్రాంతి తీసుకోవాలి. కెమెరా పట్టుకున్నవారు తమ మామూలు లోతులో, మామూలు సమయంలో సగానికే పరిమితం కావాలని నేను గట్టిగా చెబుతాను. బరువుల బెల్టును కూడా కెమెరా బరువుకు తగ్గట్టు సరిచేసుకోవాలి, అవసరమైతే కెమెరాను వదిలేయగలగాలి. దయచేసి ఈ జవాబును ఆయనకు చదివి వినిపించండి. కోర్సు పూర్తయి, జోడీ దొరికే వరకు ఆ కెమెరా ఇంట్లోనే ఉండాలి.

ప్రశ్న: మా మేనమామ వాడిన నికోనోస్ 5 కెమెరా, 35 మిల్లీమీటర్ల లెన్సుతో నాకు దక్కింది. ఫిల్ము కెమెరా అయినా ఫ్రీడైవింగ్‌కు పనికివస్తుందా? బాగు చేయించడానికి డబ్బు పెట్టవచ్చా?
— ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: చాలా మంచి వస్తువు మీ చేతికి వచ్చింది. సముద్ర అన్వేషకుడు జాక్ కూస్తో ప్రోత్సాహంతో ఇంజినీరు జాన్ ద వూటర్స్ రూపొందించిన కాలిప్సో కెమెరాను నికాన్ తీసుకుని, 1963లో నికోనోస్ పేరుతో విడుదల చేసింది. మీ దగ్గరున్న అయిదో రూపం 1984లో వచ్చింది, ఆ కెమెరాల తయారీ 2001లో ఆగిపోయింది. ఇది హౌసింగ్‌లో పెట్టే కెమెరా కాదు. కెమెరాయే నీటిని ఆపుతుంది, 50 మీటర్ల వరకు పనికివస్తుంది. పిడికిట్లో ఇమిడే ఆకారం, నీటిని చీల్చుకుపోయే సన్నదనం చూస్తే, ఈనాటికీ ఫ్రీడైవర్ కోసమే చేసినట్టు ఉంటుంది.

అయితే ఇందులో ఫోకస్ మీరే అంచనా వేసి పెట్టాలి. మాస్కులోంచి మీ కంటికి ఎంత దూరంగా కనిపిస్తుందో అంతే దూరాన్ని 35 మిల్లీమీటర్ల లెన్సు మీద పెట్టండి, ఎందుకంటే నీరు మీ కంటినీ, లెన్సునూ ఒకే రకంగా మోసం చేస్తుంది. నీటిలో ఈ లెన్సు 46 మిల్లీమీటర్ల లెన్సులాగా ప్రవర్తిస్తుంది కనుక, ఫ్రేములోకి పూర్తి మనిషి రావాలంటే కొంత దూరం జరగాలి. స్వచ్ఛమైన నీటిలోనే అది కుదురుతుంది. ఎంతో పేరున్న 15 మిల్లీమీటర్ల నీటి లెన్సు పాతవాటిలో దొరుకుతుంది గానీ, దాని ధరకు మంచి యాక్షన్ కెమెరా రావచ్చు.

బ్యాటరీ గదిలో పచ్చని తుప్పు లేకపోతే, ఓ-రింగులన్నీ మార్పించడానికి డబ్బు పెట్టండి. పాత రింగులు పైకి మెత్తగా కనిపించినా వాటిని నమ్మవద్దు. బ్యాటరీ పోయినా ఎం90 అనే స్థానంలో సెకనులో 90వ వంతు వేగంతో షట్టర్ పనిచేస్తుంది. అసలు ఖర్చు ఆ తరువాత మొదలవుతుంది. ఒక రోలు, ఫిల్ము కడగడం, స్కానింగు కలిసి వెయ్యి రూపాయలు దాటుతుంది, అందులో ఉండేది 36 ఫోటోలే, నీటిలో రోలు మార్చలేరు. లెక్క చూసుకుని తీసే స్వభావం ఉన్నవారికి ఆ పరిమితి మేలే చేస్తుంది.

ప్రశ్న: మస్కట్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఇక్కడ కొన్న హౌసింగ్‌ను సెలవుల్లో ఇంటికి తేవాలి. విమానంలో, కస్టమ్స్‌లో ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?
— ఒక పాఠకుడు, మస్కట్, ఒమన్

జవాబు: కొన్న బిల్లును వెంట ఉంచుకోండి, సుంకం లేని పరిమితి దాటితే ముందే ప్రకటించండి. తరువాత మన దేశం నుంచి ఆ సామాను తీసుకుని మళ్లీ విదేశానికి వెళ్లేటప్పుడు, విమానాశ్రయంలోనే కస్టమ్స్ అధికారుల దగ్గర క్రమ సంఖ్యలు రాయించి ఎగుమతి ధ్రువపత్రం తీసుకుంటే, తిరిగి వచ్చేటప్పుడు సుంకం గొడవ ఉండదు. విడి లిథియం బ్యాటరీలు చేతి సంచిలోనే ఉండాలి, చెక్-ఇన్ సామానులో పెట్టనివ్వరు. హౌసింగ్‌ను మూసి సీలు చేసి విమానంలో పెట్టవద్దు. పైన గాలి పీడనం తగ్గి, దిగాక మూత తెరవడం కష్టమవుతుంది, ఓ-రింగు కూడా పక్కకు జరగవచ్చు. ప్రధాన ఓ-రింగును తీసి, శుభ్రమైన చిన్న సంచిలో వేరుగా పెట్టుకోండి. ఇల్లు చేరాక దాన్ని తుడిచి, తయారీదారు సూచించిన గ్రీజును మెరుపు కనిపించేటంత పలచగా రాసి అమర్చండి.